తుఫాను కబురు ఎవరు చెప్పాలి?

మా పెదనాన్నగారిది దివిసీమలో నాగాయలంక దగ్గర ఒక పల్లె. ఎనభై దాటినా సాయంకాలం రేడియో పెట్టుకుని అరుగుమీద కూర్చోవడం ఆయన మానలేదు. మొన్న వెళ్ళినప్పుడు చాలాకాలంగా మనసులో వున్న ప్రశ్న అడిగేశాను.

"1977లో తుఫాను వస్తున్నదని ముందు తెలియలేదా, పెదనాన్నా?"

"తెలియకేం! రేడియో చెప్పింది. తుఫాన్లు మనకు కొత్తా? తలుపులు బిగించుకుని కూర్చున్నాం. గాలి వస్తుందనుకున్నాం గాని, సముద్రం వస్తుందనుకోలేదురా."

ఆ నవంబరు 19న ఉప్పెన కొన్నిచోట్ల 5 మీటర్ల ఎత్తున లేచింది. సర్కారు లెక్కలోనే సుమారు పదివేలమంది పోయారు. వారిలో మా నాయనమ్మ ఒకరు.

1990 మే 9న మళ్ళీ కృష్ణ ముఖద్వారం దగ్గరే ఉధృతమైన తుఫాను తీరం దాటింది. ఈసారి చనిపోయినవారు వెయ్యిలోపు. అదీ తక్కువేమీ కాదు. కాని పదివేల పక్కన పెట్టి చూడండి! ఈ మధ్యకాలంలో ఆకాశంలోకి ఉపగ్రహం వెళ్ళింది, తీరంలో తుఫాను షెల్టర్లు లేచాయి. ఆరు లక్షలమందికి పైగా ముందుగానే ఇళ్ళు వదిలారు. వదలమని చెప్పిందెవరు?

"మా వీధికి మన పక్కింటి కుర్రాడొచ్చాడు" అన్నారు పెదనాన్న. "'మామయ్యా, లేవండి. గొడ్ల పలుపులు విప్పెయ్యండి. అందరూ బడికి పదండి' అన్నాడు. రేడియో తుఫానని చెప్పింది. వీడు ఏం చెయ్యాలో చెప్పాడు."

బంగ్లాదేశ్ నేర్చుకున్నదీ ఇదే. అక్కడ 1970 తుఫానుకు మూడు లక్షలమందికి తక్కువ కాకుండా బలి అయ్యారు. ఆ తరువాత 1972లో వూరూరా వాలంటీర్లను తయారుచెయ్యడం మొదలుపెట్టారు. ప్రమాదం పెరిగినకొద్దీ జెండాలు పెంచుతారు, మెగాఫోనుతో వీధులు తిరుగుతారు, ముసలివాళ్ళను మోసుకుపోతారు. నేడు వారిలో సగంమంది స్త్రీలే. పరాయి మగవాడు పిలిస్తే గడప దాటడానికి జంకే ఇల్లాలు, తెలిసిన ఆడమనిషి పిలిస్తే పిల్లలను తీసుకుని బయలుదేరుతుంది.

"ఇప్పుడు ఫోనులోనే కబురు వస్తుందిగా?" అన్నాను.

"మోగితే నొక్కి పక్కన పెడతాను. ఆ కుర్రాడికీ జుట్టు నెరిసింది. ఈసారి వాడి కూతురొస్తుందట."

పట్నం తిరిగి వచ్చాక మా పక్కవాటా వైపు చూశాను. అక్కడ ఒంటరిగా వుండే బామ్మగారికి చెవుడు. కబురు వచ్చిన రాత్రి ఆవిడ తలుపు తట్టేదెవరు? మీ వీధిలోనో?