తివాచీకో లెక్క

ఒరేయ్ చిన్నోడా, ఆ మూల పట్టుకుని అలా గుంజితే నీ నడుం పట్టేస్తుంది గానీ తివాచీ ఊడదు. దీనికి కండబలం కాదు, లెక్క కావాలి.

గది నిండా బంక ఉన్నా, నువ్వు లాగేటప్పుడు నీతో పోరాడేది ఆ బంకంతా కాదు. ఊడే చోట అడ్డంగా ఓ గీత ఉంటుంది చూడు, ఆ గీత మీది బంక ఒక్కటే. అట్టును మధ్యలో గిల్లితే చిరుగుతుంది, అంచున అట్లకాడ పెడితే లేస్తుంది, అలాగన్నమాట. గీత పొడుగు తగ్గితే కావలసిన బలమూ తగ్గుతుంది. అందుకే ముందు 30 సెంటీమీటర్ల పట్టీలుగా కోసుకోవాలి. మీటరు వెడల్పు ముక్కకు పట్టే బలంలో మూడో వంతు కూడా అక్కర్లేదు.

మరి ఎటు లాగాలి? అడుగు అమ్మలూ, అడుగు! నిట్టనిలువుగా పైకి లాగితే, సెంటీమీటరు ఊడేసరికి నీ చెయ్యి సెంటీమీటరు లేస్తుంది. అదే పట్టీని వెనక్కి మడిచి నేలబారుగా లాగావనుకో, సెంటీమీటరు ఊడేసరికి చెయ్యి రెండు సెంటీమీటర్లు జరుగుతుంది. బంకను విడదీసే పని రెండింట్లోనూ ఒకటే. దూరం రెట్టింపైంది కనక బలం సగం చాలు. మందపాటి తివాచీ మడత పడనని మొరాయిస్తుంది కాబట్టి అచ్చంగా సగం కాకపోవచ్చు, అయినా లాభమే. ఆత్రం మాత్రం వద్దు. ఇంకా మెత్తగా సాగే బంక అయితే, వేగంగా లాగినకొద్దీ మరింత పట్టుకుంటుంది.

తివాచీ ఊడితే దుమ్ము లేస్తుంది, ముక్కుకు మాస్కు పెట్టుకోండి. మన సింగపూర్ గాలిలో తేమ ఏడాది సగటున 80 శాతం పైనే. దుమ్ములో బతికే డస్ట్ మైట్లనే సన్న పురుగులు నీళ్లు తాగవు, గాలిలోని తేమనే ఒంట్లోకి లాక్కుంటాయి. తిండేమో మన ఒంటి నుంచి రాలే పొట్టు. మిల్లీమీటరులో మూడో వంతు ఉంటాయంతే. ఇక్కడి ఇళ్లలో ఎక్కువగా ఉండే రకం పేరు బ్లోమియా ట్రాపికాలిస్. మనల్ని తుమ్మించేది ముఖ్యంగా వాటి పెంట. ఇంత తేమ ఊళ్లో గోడ నుంచి గోడకు తివాచీ అంటించాలని ఎవరికి బుద్ధి పుట్టిందో!

మిగిలిన బంక సంగతా? చాలా రకాలు వేడికి మెత్తబడతాయి. మన సెంబవాంగ్ వేడినీటి బుగ్గలో నీళ్లు సుమారు 70 డిగ్రీలుంటాయి, జనం గుడ్లు ఉడికించుకుంటారు. ఆ మాత్రం వేడి చాలు. అలాగని బకెట్లతో కుమ్మరించకండి. పడకగదికి స్నానాలగదిలా నీటిని ఆపే పొర వెయ్యరు, కింది ఇంటి సీలింగు మీద మరకలు తేలతాయి. వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు కాసేపు కప్పి, స్క్రాపర్‌తో గీకితే సరి.

నల్లటి తారులాంటి బంక కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. పాతకాలపు వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, గీకితే ఆ నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సింగపూర్‌లో కట్టడాల్లో దాన్ని 1989లో నిషేధించారు. సెంబవాంగ్‌కు ఎమ్మార్టీ రైలు స్టేషనే 1996లో వచ్చింది, మన బ్లాకు ఆ తర్వాతిది, కనక మనకంత బెంగ లేదు. ఇక్కడి బ్రిటిష్ నౌకాస్థావరం నాటి బంగళాల్లో అయితే పరీక్ష చేయించకుండా పని మొదలెట్టకూడదు.

పాతది ఊడగానే కొత్తది అంటించొద్దని మీ నాన్నకు చెప్పండి. కాంక్రీటు నిండా కంటికి కనపడని సన్న దారులుంటాయి, వాటిలో తేమ తిరుగుతుంది. పైగా అది గాఢమైన క్షారం, పీహెచ్ 12 దాటుతుంది. తేమతో పాటు ఆ క్షారం పైకొచ్చి కొన్ని బంకల్ని విరిచేస్తుంది. అర మీటరు ప్లాస్టిక్ షీటు నేలకు పరిచి నాలుగు వైపులా టేపు అంటించండి. మర్నాడు కింద చెమట పట్టినా, నేల రంగు ముదిరినా ఇంకా ఆరలేదని అర్థం.

మిగిలిన బంకను మెషిన్ పెట్టి గీకిద్దామంటావా? పెద్ద చప్పుడయ్యే పనులకు మన ఫ్లాట్లు చూసే ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ శని, ఆదివారాల్లో ఒప్పుకోదు, మామూలు రోజుల్లోనూ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకే. ఇవాళ ఆదివారం, చేతులతోనే కానివ్వండి.