ఎర్రగుడి శాసనాలు, విద్యార్థి పరిశోధన

ప్రాచీన చరిత్రపై పరిశోధన వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు చాలామంది విద్యార్థులు మౌర్య సామ్రాజ్యం, సింధు నాగరికత వంటి విశాలమైన విషయాన్ని ఎంచుకుని, పాఠ్యపుస్తకంలో ఉన్నదాన్నే మరో వరుసలో తిరిగి రాస్తుంటారు. ఒక నిర్దిష్టమైన ప్రశ్నకు, ఆధారాలను స్వయంగా పరీక్షించి, కారణాలతో సమాధానం చెప్పే రచననే పరిశోధన వ్యాసం అంటారు గనుక, విషయం ఎంత చిన్నదైతే పరిశీలన అంత లోతుగా సాగుతుంది. ఈ దృష్టితో చూస్తే పత్తికొండ ప్రాంతపు విద్యార్థికి దక్కిన అవకాశం దేశంలో బహు కొద్దిమందికే ఉన్నది.

గుత్తి నుంచి పత్తికొండకు వెళ్లే దారిలో, తుగ్గలి మండలం జొన్నగిరికి దగ్గరగా ఉన్న ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దికి చెందిన అశోకుని శాసనాలు ఉన్నాయి. భూగర్భ శాస్త్రవేత్త అనూ ఘోష్ 1920ల చివరలో వీటిని గుర్తించేంత వరకు విద్వల్లోకానికి వీటి సంగతి తెలియదు. అశోకుని పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలతో పాటు, చిన్న శిలాశాసనాలుగా పిలిచే మరో రెండు శాసనాలు కూడా ఒకేచోట లభించడం దీని విశిష్టత. వీటి భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. పత్తికొండ మండలం చిన్నహుల్తి దగ్గర, రాజులమందగిరి రామలింగేశ్వరాలయం వద్ద కూడా ఒక చిన్న శిలాశాసనం ఉన్నది. అది అరిగిపోయినా, పాఠం ఎర్రగుడి పాఠానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఇంతటి సామగ్రి నుంచి ప్రశ్నను ఎంచుకునేటప్పుడు విద్యార్థి రెండు సంగతులు చూసుకోవాలి. ఆ ప్రశ్నకు ఆధారం చేతికి అందాలి. సమాధానం ముందే తెలిసిపోయి ఉండకూడదు. "అశోకుడు గొప్ప చక్రవర్తి" అన్నది ప్రశ్న కానే కాదు. "ఎర్రగుడి శాసనం ప్రకారం రాజాజ్ఞ ప్రజలకు ఎవరి ద్వారా చేరింది?" అన్నది మంచి ప్రశ్న, ఎందుకంటే రజ్జుకుడు అనే గ్రామీణ పాలనాధికారి ఆ ఆజ్ఞను జనపదాలకు తెలియజేయాలని, బ్రాహ్మణులు, మావటీలు, లేఖకులు మొదలైనవారి ద్వారా కూడా అది వ్యాపించాలని శాసనమే చెబుతున్నది. అలాగే ఎర్రగుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, మరికొన్ని కుడి నుంచి ఎడమకు, చేను చివర మడక తిప్పుకుని వచ్చినట్లుగా సాగుతాయి. చెక్కినవాని అలవాటు, నమూనా ప్రతి, బండ ఆకారం వీటిలో ఏది దీనికి కారణమై ఉండవచ్చునన్నది కూడా పరిశీలించదగినదే.

ఆధారాలు రెండు రకాలు. ఆ కాలంలోనే పుట్టిన శాసనం, నాణెం, కుండపెంకు వంటివి ప్రాథమిక ఆధారాలు. వాటిని గురించి తరువాతి పండితులు రాసినవి ద్వితీయ ఆధారాలు. రెండవ రకం గ్రంథాన్ని చేతబట్టినప్పుడు అది వెలువడిన సంవత్సరాన్ని తప్పక గమనించాలి. అశోక శాసనాలకు ప్రామాణికమని పేరొందిన హుల్ట్‌జ్ సంపుటం 1925లో వచ్చింది కాబట్టి అందులో ఎర్రగుడి పాఠమే లేదు; దాన్ని ఒక్కదాన్నే నమ్ముకున్న వ్యాసం ఇంటి ముందున్న బండను వదిలేసినట్లవుతుంది. ఎర్రగుడి పాఠం కోసం దినేశచంద్ర సర్కార్ వంటి తరువాతి శాసన పరిశోధకుల రచనలను చూడాలి.

ఆధారానికీ ఊహకూ మధ్య గీత గీయడం ఈ పనిలో అన్నిటికంటే కష్టం. మౌర్యుల దక్షిణ పాలనా కేంద్రమైన సువర్ణగిరి ఈ జొన్నగిరియేనని కొందరు పండితులు భావించారు; కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు అన్నారు. ఆ పేరు కనిపించేది బ్రహ్మగిరి, సిద్ధాపుర వంటి చోట్ల దొరికిన శాసనాల మొదట్లో. ఎర్రగుడి శాసనంలో అది లేదు. కాబట్టి పేర్లలోని పోలికను, ఈ ప్రాంతంలో బంగారం దొరకడాన్ని బలపరిచే కారణాలుగా చూపవచ్చునే గాని, వాటిని రుజువుగా చెప్పకూడదు. రెండవ ప్రధాన శాసనంలో బావులు తవ్వించి, చెట్లు నాటించినట్లు రాజు చెప్పుకున్నాడు. నీటి కరువు ఎరిగిన సీమ విద్యార్థికి ఆ మాట ఆత్మీయంగానే తోస్తుంది. అయినా అది సామ్రాజ్యమంతటినీ, దాని పొరుగు రాజ్యాలను కూడా ఉద్దేశించిన ప్రకటన; ఎర్రగుడిలో బావి తవ్వించారనడానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోరాదు.

రాతలో కూడా ఇదే క్రమం కనిపించాలి. మొదటి పేరాలో ప్రశ్న, తరువాత ఆధారాల పరిచయం, ఆపైన వాటి పరిశీలన, తన నిర్ణయానికి ఎదురుగా నిలిచే ఆధారం, చివర నిర్ణయం అన్న వరుస చాలావరకు సరిపోతుంది. ఇతరుల నుంచి తీసుకున్న ప్రతి విషయానికీ గ్రంథం, పుట చూపడం విద్యార్థి నిజాయితీకి గుర్తు. బండను స్వయంగా చూడడం, ముద్రిత పాఠంతో పోల్చడం ఎంతో మేలు చేస్తాయి. అయితే అక్షరాలపై సుద్ద రాయడం, నీళ్లు పోసి రుద్దడం వంటివి చేయరాదు. రెండు వేల రెండు వందల ఏళ్లకు పైగా నిలిచిన ఆ అక్షరాలను చెక్కుచెదరకుండా కాపాడుతూ, వాటిలో ఉన్నదే చెప్పి లేనిదాన్ని చేర్చకుండా రాసిన నాలుగు పుటల వ్యాసం, ఈ ప్రాంత చరిత్రకు నిజమైన చేర్పు అవుతుంది.