శుక్లపటలపు కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని

శుక్లపటలపు కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని అనగా కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొరను కోయకుండా, రంగు వేయకుండా, సజీవ స్థితిలోనే కణాల స్థాయిలో చూపే పరికరం. ఈ పొరను కార్నియా అని కూడా అంటారు. కంటికి సోకిన శిలీంధ్రాలను గుర్తించడానికి, కంటిని కాపాడే రోగనిరోధక కణాలను పరిశీలించడానికి దీనిని ఉపయోగిస్తారు.

శుక్లపటలం, దాని రక్షణ

శుక్లపటలం మధ్యభాగపు మందం సుమారు అర మిల్లీమీటరు. పైనున్న ఉపకళ మందం దాదాపు 50 మైక్రోమీటర్లు. చూపు స్పష్టంగా ఉండాలంటే ఈ పొర గాజువలె స్వచ్ఛంగా ఉండాలి. అందుచేత దీనిలో రక్తనాళాలు ఉండవు. కన్నీటిలోని లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ వంటి ప్రోటీన్లు సూక్ష్మజీవులను అడ్డుకుంటాయి. లైసోజైమ్‌ను 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వర్ణించాడు. ఉపకళలో రోగనిరోధక కణాలు కూడా ఉంటాయి. ఇవి అంచులలో ఎక్కువగా, మధ్యలో తక్కువగా కనిపిస్తాయి.

ఈ రక్షణ మితంగా ఉండాలి. తక్కువైతే సూక్ష్మజీవులు పొరను తినివేస్తాయి. హద్దు మీరితే వాపు వలన మచ్చ ఏర్పడి చూపు పోతుంది. ఈ మచ్చనే వాడుకలో కంటిలో పువ్వు అంటారు.

పనిచేసే విధానం

మామూలు సూక్ష్మదర్శినిలో పై పొరల, కింది పొరల కాంతి కలిసిపోయి చిత్రం మసకబారుతుంది. కాన్ఫోకల్ పద్ధతిలో కాంతిని ఒక బిందువుపై కేంద్రీకరిస్తారు. తిరిగి వచ్చే కాంతి ఒక సూక్ష్మరంధ్రం గుండా పోవాలి. వేరే లోతుల నుండి వచ్చిన కాంతి చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఇలా బిందువు వెంట బిందువు చూస్తే పలుచని ఒక్క పొర చిత్రం స్పష్టంగా లభిస్తుంది. ఈ సూత్రంతో మార్విన్ మిన్‌స్కీ 1955లో సూక్ష్మదర్శినిని నిర్మించాడు.

నేడు విస్తృతంగా వాడే లేజరు పరికరంలో కాంతి తరంగదైర్ఘ్యం 670 నానోమీటర్లు. ఒక్కో చిత్రం 400 మైక్రోమీటర్ల వెడల్పు గల చోటును చూపుతుంది. పరీక్షకు ముందు కంటిలో మత్తు చుక్కలు వేస్తారు. జెల్ పూసిన చిన్న ప్లాస్టిక్ తొడుగు కంటిని తాకుతుంది.

వ్యాధి నిర్ధారణ

దక్షిణ భారతదేశంలో పొలం పనులలో ఆకు, గడ్డి, ధాన్యపు పొట్టు వంటివి తగిలి కంటికి శిలీంధ్రాలు సోకడం తరచుగా జరుగుతుంది. అటువంటి పుండుపై స్టెరాయిడ్ చుక్కలు వాడితే శిలీంధ్రం మరింత విజృంభించవచ్చు. కనుక కారణం త్వరగా తెలియడం ముఖ్యం. ఈ పరికరంలో శిలీంధ్రపు తంతువులు మెరిసే గీతలుగా, అకాంతమీబా కోశాలు మెరిసే గుండ్రని ఆకారాలుగా కనిపిస్తాయి. బాక్టీరియాలను మాత్రం దీనితో గుర్తించలేరు. అందువలన పుండును గీకి చేసే ప్రయోగశాల పరీక్షకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

రోగనిరోధక కణాల గుర్తింపు

ఈ చిత్రాలు నలుపు తెలుపులలో ఉంటాయి. కణాలకు రంగు వేయనందున వాటిని ఆకారాన్ని బట్టే గుర్తించాలి. ఉపకళలో మెరిసే కణాలన్నిటినీ చాలాకాలం డెండ్రైటిక్ కణాలుగా భావించారు. ఇవి సూక్ష్మజీవుల ఆనవాళ్ళను ఇతర రోగనిరోధక కణాలకు అందించే కణాలు. కొమ్మలు ఉన్నవాటిని పరిణతి చెందినవిగా, లేనివాటిని అపరిణతమైనవిగా లెక్కించేవారు.

ఒకే చోటును పదే పదే చిత్రించి, వాటిని చలనచిత్రంగా కూర్చినపుడు ఈ అభిప్రాయం మారింది. ఆరోగ్యవంతుల కళ్ళలోనూ ఈ కణాలలో అనేకం వేగంగా, ఎడతెగకుండా సంచరించే టి-లింఫోసైట్లని మెల్బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో ప్రకటించారు. ఇవి డెండ్రైటిక్ కణాలను, నాడులను తాకుతూ తిరుగుతాయి. లోతైన పొరలో స్థూలభక్షక కణాలు పాకుతూ కనిపించాయి. కాంటాక్టు లెన్సులు కొద్దిసేపు ధరించినపుడు, అలర్జీ ఉన్నవారిలోనూ ఈ కణాల ప్రవర్తనలో మార్పులు గమనించారు.

దీనిని బట్టి, నిశ్చల చిత్రంలోని ఆకారం ఒక్కటే కణం స్వభావాన్ని తెలుపజాలదని, దాని కదలికను కూడా చూడవలసి ఉంటుందని తెలుస్తున్నది.