చావాల్సిన కణం చావదు, బతకాల్సిన కణం బతకదు

మన కృష్ణా జిల్లా మంటాడలో పుట్టిన డాక్టర్ నోరి దత్తాత్రేయుడు న్యూయార్క్‌లో క్యాన్సర్‌కు రేడియేషన్ వైద్యం చేసి పేరు తెచ్చుకున్నారు, 2015లో పద్మశ్రీ అందుకున్నారు. గుడివాడలోనో, అవనిగడ్డలోనో ‘కరెంటు పెట్టించాం’ అనేది ఆ వైద్యాన్నే. ఎంతోమందిని బతికించిన ఆ కిరణాలు కొద్దిమంది పిల్లల ఒంటికి మాత్రం సరిపడవు. వాళ్ళ జబ్బు పేరు అటాక్సియా టెలాంజియెక్టేసియా. నోరు తిరగని పేరు కాబట్టి ఏ-టీ అందాం.

నడక వచ్చిన కొత్తలోనే పిల్ల తూలుతుంది. నాలుగైదేళ్ళొచ్చేసరికి కంటి తెల్లగుడ్డు మీద సన్నటి ఎర్రజీరలు కనిపిస్తాయి. కళ్ళకలకేమో అని చుక్కలమందు వేసినా తగ్గవు. దగ్గు, న్యుమోనియా మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి.

ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. ఒక గ్రే రేడియేషన్ పడితే ఒక్కో కణంలో డీఎన్‌ఏ రెండు పోగులూ సుమారు 20 నుంచి 40 చోట్ల తెగుతాయి. క్యాన్సర్ రోగికి సాధారణంగా రోజూ ఇచ్చేది 2 గ్రేలు. ఆరోగ్యమైన కణంలో ఏటీఎం అనే ప్రొటీన్ మన కాలువ మీది లస్కరు లాంటిది. గండి పడిందని తెలియగానే తలుపులు దించుతుంది, అంటే కణం చీలకుండా ఆపి మరమ్మతు చేయిస్తుంది. గండి పూడ్చలేనిదైతే పీ53 అనే మరో ప్రొటీన్‌ను లేపి, కణం తనంతట తానే పద్ధతిగా చనిపోయేలా చూస్తుంది. ఒంటికి మేలు చేసే చావు అది.

ఏ-టీ పిల్లల్లో ఆ లస్కరే లేడు. తెగిన డీఎన్‌ఏతోనే కణం చీలబోతుంది. క్రోమోజోములు విరిగి, మామూలు మనిషి తట్టుకునే మోతాదుకే చాలా కణాలు చితికిపోతాయి. 1960ల్లో లింఫోమా అనే క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చిన ఏ-టీ పిల్లలు ఊహించనంతగా దెబ్బతినడం వైద్యులు చూశారు. అయితే కథ అంతటితో అయిపోలేదు. 1998లో ఏటీఎం లేని ఎలుకపిల్లలకు రేడియేషన్ ఇచ్చి చూస్తే, ఎదుగుతున్న మెదడులో చనిపోవాల్సిన కణాలు చావకుండా మిగిలాయి. బతికాయి కదా అని సంబరపడటానికి లేదు. దెబ్బతిన్న డీఎన్‌ఏతో మిగిలిపోయే కణాలు క్యాన్సర్‌కు దారి తీయగలవు. ఈ పిల్లల్లో లుకేమియా, లింఫోమా ఎక్కువగా రావడానికి ఇదొక కారణం.

శాస్త్రవేత్త యోసెఫ్ షిలో బృందం 1995లో ఏటీఎం ప్రొటీన్‌ను తయారుచేయించే జన్యువును 11వ క్రోమోజోములో పట్టుకుంది. తల్లి ఇచ్చిన కాపీ, తండ్రి ఇచ్చిన కాపీ రెండూ చెడితేనే జబ్బు. ఇద్దరూ ఒక్కో చెడు కాపీ మోసే క్యారియర్లయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనమామకో, మేనబావకో పిల్లనిచ్చే మన వైపు, ఒకే తాత నుంచి వచ్చిన చెడు కాపీ భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే వీలు ఎక్కువ. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు ఈ మాట, డాక్టరు అడక్కపోయినా మేనరికమని మీరే చెప్పండని.

రేడియేషన్ సరిపడదంటే మరి ఎక్స్‌రే సంగతి? ఛాతీ ఎక్స్‌రేలో పడేది గ్రేలో పదివేలో వంతు, తరచూ అంతకన్నా తక్కువే. న్యుమోనియా అనుమానిస్తే మచిలీపట్నంలో అది తీయించడానికి భయపడొద్దు. తలకు సీటీ మీద సీటీ మాత్రం వద్దు, బదులుగా ఎంఆర్ఐ అడగండి, అందులో ఎక్స్‌కిరణాలుండవు. ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష ఉంది, ఏ-టీ పిల్లల్లో చాలామందికి అది పెరిగి ఉంటుంది. నాగాయలంక నుంచైనా, కోడూరు నుంచైనా తూలే పిల్లను తీసుకొచ్చినప్పుడు ఆ పరీక్ష సంగతి అడగండి. జబ్బు ముందే తెలిస్తే, రేపు క్యాన్సర్ వచ్చినా డాక్టర్లు కరెంటు జోలికి పోకుండా, కీమో మోతాదు చూసుకుని వైద్యం చేస్తారు.