చోదకుడు లేని కారు: పరీక్షకు తగిన చోటు

ఇంటిలోనికి నూతనయంత్రము వచ్చినపుడెల్ల దాని గుణదోషములను ముందుగా గ్రహించువారు స్త్రీలే. కుట్టుమిషను వచ్చిననాడు సూది వ్రేలికి ఎట్లు తగులునో, ప్రెషరుకుక్కరు వచ్చిననాడు మూత ఎప్పుడు తీయరాదో వారే తెలిసికొని పిల్లలకు బోధించిరి. ఇప్పుడు మరియొక యంత్రము మన వాకిళ్లకు వచ్చుచున్నది. అది తనంతట తాను నడచు కారు.

చోదకుని అవసరము బొత్తిగా లేని కారు మన దేశమున ఇంకను అమ్మకమునకు రాలేదు. కాని దాని శక్తులు కొన్ని వచ్చియున్నవి. ఖాళీ జాగాను తానే వెదకికొని నిలుచుట, ఎదుట అడ్డు వచ్చినప్పుడు తానే బ్రేకు వేసికొనుట, యజమాని బయట నిలిచి పిలువగా మెల్లగా కదలి వచ్చుట అట్టివి. 2024వ సంవత్సరాంతమున మహీంద్రావారు ప్రకటించిన విద్యుత్కార్లలోను, 2025లో టాటావారు విడుదలచేసిన హారియర్ విద్యుత్కారులోను, కొన్ని రకములందు ఇట్టి సౌకర్యములు కలవు.

క్రొత్త వస్తువును కొన్నవారికి దానిని పదిమందికి చూపవలెనను ఉబలాటము సహజము. పదిమంది ఉండు చోటు ఏది? పెండ్లిమంటపము ముంగిలి, గుడి ముందరి మైదానము, దుకాణముల యెదుటి పార్కింగు స్థలము. "ఇది రహదారి కాదు గదా, బండి నడకవేగమున పోవుచున్నది గదా, భయమేమి?" అని పలువురు తలంతురు. ఆ తలంపు ఎంతవరకు సరియైనదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

బీర్కూరును ఉదాహరణముగా గైకొందము. కామారెడ్డి జిల్లాలో మంజీరానది చెంతనున్న ఈ మండలమునకు నిజాంసాగరు నీరు ప్రాణము. పంట చేతికివచ్చు దినములలో చదునైన చోటెల్ల ఇక్కడ కల్లమే. బాటప్రక్కను, బయలునందును ఒడ్లు ఆరబోయుదురు. తిమ్మాపురము గుట్టపైనున్న వేంకటేశ్వరస్వామి సన్నిధికి పర్వదినములందు కార్లతోపాటు ఆటోలు, ట్రాక్టరులు, మోటారుసైకిళ్లు వచ్చును. ఇట్టి తావులలో బండ్లు నిలుపు చోటు బండ్లకొఱకు మాత్రమే ఉండదు. అక్కడనే ఒక తల్లి నీడచూచుకొని బిడ్డకు అన్నము తినిపించుచుండును. ముసలమ్మ చెప్పుల జత వెదకికొనుచుండును. జారిపోయిన బంతికొఱకు బాలుడు ట్రాలీ క్రిందికి దూరుచుండును. బర్రె తనకు తోచిన త్రోవను పోవుచుండును.

విదేశములలో ఈ యంత్రమునకు చదువు చెప్పినవారు నేలమీద తెల్లగీతలు, సరియైన కాలిబాట, వరుసగా నిలిచిన కార్లు ఉండునని తలంచి నేర్పిరి. మన వీథులు అట్లుండవు. ఈ లోపమును గుర్తించి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీవారు 2018లో మన దారుల చిత్రములనే సేకరించిరి. హైదరాబాదు, బెంగుళూరు పరిసరములలో 182 ప్రయాణములు చేసి, 10,000 చిత్రములను ఏర్చి, అందలి ఆటో, పశువు, మనుష్యుడు మొదలగు వస్తువులను 34 తరగతులుగా గుర్తించి యంత్రములకు పాఠముగా నొసంగిరి. బిడ్డకు అక్షరములు దిద్దించినట్లే, "ఇది బండి, ఇది ఆవు, ఇది మనిషి" యని యంత్రమునకును దిద్దించవలసియున్నది.

పాఠము ముగిసిన పిదప పరీక్ష. ఆ పరీక్షను క్రమముగా జరుపు స్థలము మన రాష్ట్రముననే కలదు. బీర్కూరును దాటిపోవు మంజీరకు ఎగువన, సంగారెడ్డి జిల్లా కందిలో హైదరాబాదు ఐఐటీ ఉన్నది. కేంద్రప్రభుత్వ శాస్త్రసాంకేతికశాఖ ఇచ్చిన 130 కోట్ల రూపాయలతో అక్కడ 'తిహాన్' అను కేంద్రము వెలసినది. 2020 డిసెంబరులో శంకుస్థాపనము జరిగి, 2022 జూలై 4వ తేదీన పరీక్షాక్షేత్రము ప్రారంభమైనది. దీనిని నడిపించిన ఆచార్యురాలు పి. రాజలక్ష్మిగారు స్త్రీ యగుట మనకు సంతోషకారణము.

ఆ క్షేత్రమున వాహనములకు వేఱుగా బాటలున్నవి. వాన కురియని దినమునను వాన కురిపించి కారు కన్నులు మసకబారునో లేదో చూచు ఏర్పాటు కలదు. మొదట గణకయంత్రములో బొమ్మ దారిపై బొమ్మ కారును నడిపింతురు. పిదప పరజనులు రాని క్షేత్రమున నిజమైన కారును నడిపింతురు. అటుపిమ్మటనే మనుష్యులున్న చోటికి తెత్తురు. ఈ క్రమమున సాగి 2025 నాటికి 6 ఆసనములవియు 14 ఆసనములవియు అగు చోదకరహిత విద్యుద్వాహనములు ఐఐటీ ఆవరణలోనే విద్యార్థులను, ఉపాధ్యాయులను చేరవేయజొచ్చినవి. ఇంతటి విద్యావంతులు ఇంతటి జాగ్రత్తతో మెట్టుమెట్టుగా ఎక్కుచుండగా, నిన్న కారు కొన్నవాడు నేడు గుడిముందర తొలిపరీక్ష జరుపుట ఎట్లు తగును?

పరదేశములలోను ఇదియే పద్ధతి. 2007లో అమెరికా రక్షణశాఖ పరిశోధనసంస్థ చోదకరహిత వాహనములకు పట్టణపు పందెము పెట్టినది. బండిని నిర్ణీతస్థలమున నిలిపి మరల వెలికి తీయుట అందొక పరీక్ష. ఆ పందెమును పట్టణములో గాక, మూతపడిన వైమానికస్థావరము ఆవరణలో జరిపిరి. జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరమున బాష్, డైమ్లర్ సంస్థలవారు తనంతట తాను నిలుచు కారునకు 2019లో ప్రభుత్వానుమతి పొందిరి. అది ఒక్క ప్రదర్శనశాల గారేజీకి మాత్రమే వర్తించినది. ఆ గారేజీలోనే సెన్సారులు అమర్చి, దారిలో ఎవరైన అడ్డువచ్చినచో కారు ఆగునట్లు చేసిరి. విమానాశ్రయములోని మరియొక గారేజీకి 2022లో వేఱుగా అనుమతి తీసికొనిరి. అనుమతి కారునకు మాత్రమే కాదు, చోటునకుగూడ ననుట ఇందు గమనింపదగినది.

ఇక ఈ కారు ఎట్లు చూచునో కొంచెము తెలిసికొందము. ముందు వెనుక బంపరులలోని చిన్న గుండ్రని సెన్సారులు మన చెవికి వినరాని ధ్వనిని పంపి, అది తగిలి మరలివచ్చు కాలమును బట్టి దూరమును లెక్కకట్టును. గబ్బిలము చీకటిలో ఎగురుట ఇట్లే. గోడ, కారు వంటి గట్టి వస్తువులనుండి ధ్వని చక్కగా మరలివచ్చును. సన్నని కడ్డీ, నేలకు మిక్కిలి దగ్గఱగానున్న వస్తువు, ధ్వనిని పీల్చుకొను మెత్తని బట్ట వీనివలన బలహీనముగా వచ్చును, ఒక్కొక్కప్పుడు రానేరాదు. కెమెరా అద్దముపై బురద పడినను, ఎదురెండ కొట్టినను దాని చూపు తగ్గును. చక్రము చెంత చతికిలబడి ఆడుకొను రెండేండ్ల బిడ్డ ఈ కన్నులకు ఎంత కష్టమైన లక్ష్యమో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

వేగము స్వల్పమే యనుటయు చాలదు. గంటకు 5 కిలోమీటర్లు, అనగా మనుష్యుని నడకవేగము. ఆ వేగమున కారు ఒక్క సెకనులో సుమారు 1.4 మీటర్లు, అనగా మూడు మూరలు, పోవును. "అయ్యో" అని బ్రేకుపై కాలు మోపులోపల మూడు మూరల దూరము గడచిపోయినట్లే. ముల్లు వచ్చి అరిటాకుపై పడినను, అరిటాకు వచ్చి ముల్లుపై పడినను నష్టము అరిటాకునకే యను సామెత ఇక్కడ అక్షరాల సత్యము. 2002లో అమెరికాలో ఒక తండ్రి తన యింటిముందర కారును వెనుకకు నడపుచు రెండేండ్ల కన్నకొడుకును చూడక పోగొట్టుకొనెను. ఆ శిశువు పేరిట 2008లో అచ్చట శాసనము వెలువడినది. దాని ఫలముగ 2018 మే నుండి ప్రతి క్రొత్త కారునకు వెనుక కెమెరా తప్పనిసరియైనది. మన దేశమునను 2019 జూలై 1 నుండి క్రొత్త కార్లకు వెనుక సెన్సారులు విధిగా అమర్చుచున్నారు.

పరీక్షయే ప్రమాదమగుట ఎట్లో తెలుపు సంఘటన 2015లో డొమినికన్ రిపబ్లిక్ దేశమున జరిగినది. ఒక గారేజీలో కొందరు కారు ఎదుట నిలిచిరి. కారు తానే ఆగునని వారి నమ్మకము. అది ఆగక వారిని గ్రుద్దినది. మనుష్యుని గుర్తించు శక్తి ఆ కారులో లేదనియు, దానిని వేఱుగ కొనవలసియుండెననియు తయారుచేసిన వోల్వో సంస్థవారు పిదప తెలిపిరి. పొరుగువారి కారు ఆగినది గనుక మన కారును ఆగుననుకొనుట ఎంత అపాయకరమో చూడుడు. పిలిచిన వచ్చు శక్తి విషయమునను, పార్కింగు స్థలములలో ఢీకొనిన వార్తలు రాగా, 2025 జనవరిలో అమెరికా రహదారిభద్రతాశాఖ సుమారు 26 లక్షల టెస్లా కార్లపై విచారణ ఆరంభించినది.

మన శాసనమేమి చెప్పుచున్నది? 1988 నాటి మోటారువాహనముల చట్టము ప్రకారము, ప్రజలకు ప్రవేశించు హక్కుగల చోటెల్ల బహిరంగస్థలమే. బస్సు ప్రయాణికులను ఎక్కించుకొని దింపు చోటుకూడ అందు చేరును. కనుక ఎల్లరు వచ్చిపోవు పార్కింగు మైదానమును "రోడ్డు కాదు" అని త్రోసివేయుటకు వీలులేదు. అచ్చట బండి నడుపువారికి లైసెన్సు ఉండవలయును. నూతనపరిశోధనలకు మినహాయింపునిచ్చు అధికారము 2019 నాటి సవరణవలన కేంద్రప్రభుత్వమునకు కలదు గాని, కారు కొన్న ప్రతివానికిని లేదు.

ఇంతమాత్రమున ఈ సాధనములు చెడ్డవని తలంపరాదు. మెడ త్రిప్పలేని వృద్ధులకు, ఇరుకుచోట కారు నిలుపుటకు జంకు క్రొత్తవారికి ఇవి మిక్కిలి ఉపకరించును. ఎన్నడును పరీక్షింపక అవసరసమయమున ఒక్కసారిగా నమ్ముటయు ప్రమాదమే. కావున పరీక్షింపవలసినదే. తగిన చోట, తగిన రీతిని పరీక్షింపవలెను.

మొదట కారుతో వచ్చిన పుస్తకమును చదివి, మన కారులో ఏ శక్తి ఉన్నదో, ఏది లేదో తెలిసికొనుడు. పరులు రాని చదునైన స్థలమును, దాని స్వంతదారుని సమ్మతితో ఎన్నుకొనుడు. వాలునేల పనికిరాదు. పగటివేళ, పొడినేలపై ఆరంభింపుడు. లైసెన్సుగలవారు చోదకుని ఆసనమున కూర్చుండి, కాలు బ్రేకుపై సిద్ధముగా ఉంచవలెను. పెద్దవారొకరు దూరమున నిలిచి నలుదిక్కుల కనిపెట్టవలెను. అడ్డుగా ఖాళీ అట్టపెట్టెలను పెట్టుడు. మనిషిని, పశువును ఎన్నడును నిలుపకుడు. ఒక దినమున ఒక్క శక్తినే పలుమాఱులు చూడుడు. వింత కదలిక కానవచ్చినచో వెంటనే ఆపి, విక్రయశాలవారికి తెలుపుడు. అట్టపెట్టెముందు పదిసార్లు ఆగిన కారు బిడ్డముందును ఆగునని మాత్రము నిశ్చయింపరాదు.

బయటనుండి ఫోనుతో నడపు కార్లకు ఐక్యరాజ్యసమితి వాహననియమములలో రెండు మంచి కట్టుబాట్లు కలవు. నడపువాడు 6 మీటర్లకు మించిన దూరమున ఉండరాదు. మీటపై వ్రేలు ఎత్తినంతనే కారు ఆగవలెను. మన కారు అట్లు ఆగునో లేదో మొట్టమొదట చూడవలసిన పరీక్ష ఇదియే.

తల్లులు గమనింపవలసినది మరియొకటి కలదు. అన్నము తినిపించుటకు పిల్లలచేతికి ఫోను ఇచ్చుట నేడు వాడుకయైనది. ఆ ఫోనే కారునకు తాళపుచెవి కావచ్చును. కారును కదలించు యాప్ ఉన్న ఫోనును పిల్లలకు ఈయకుడు, దానికి రహస్యసంఖ్య పెట్టి ఉంచుడు. కారు కదలుటకు ముందు ఒకసారి చుట్టును తిరిగి చూచుట ఇంటివారందరికి అలవాటు చేయుడు.

గుడియెదుటనో పెండ్లియింటనో ఎవరైన తమ కారు వింతను చూపబోవుచున్నచో, "అన్నా, ఇక్కడ పిల్లలున్నారు, ఖాళీ బయలులో చూపుము" అని చెప్పుటకు స్త్రీలు వెనుదీయరాదు. ఆ మాటకు చిన్నబుచ్చుకొనువారు ఉందురేమో. కాని యంత్రము నేర్చుకొనుచున్నంతకాలము దాని పొరపాటు అట్టపెట్టెలతో తీరిపోవలెనే గాని, ఏ తల్లి ఒడియు ఖాళీ కారాదు.