రాజదండము దింపనొల్లని రాజులు

ఈ వారపు ముఖచిత్రమునకు 'మునిగిపోయిన మాయారాజ్యము' అను విషయము నిర్ణయించి, శుక్రవారము సాయంత్రమునకు వ్యాసము తమ బల్లమీద ఉండవలెనని ఆనతిచ్చిన సంపాదకులవారు, ఆకాశమంటు కెరట మొకదానిని చిత్రకారునిచేత ముందుగనే వ్రాయించి యుంచిరి. కెరటము బాగుగనే యున్నది. కాని ఆంగ్ల రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ కల్పించిన నూమెనోర్ ద్వీపరాజ్యమును గూర్చిన గ్రంథములు తిరుగవేసిన కొలదియు, నా మనస్సు ఆ జలప్రళయముమీద నిలువక, పాఠకులలో అధికులు పుటలు త్రిప్పి దాటిపోవు ఒక రాజవంశావళి మీదికే పోవుచుండెను.

చరిత్రను ఒక్క గ్రుక్కలో చెప్పి ముగించెదను. మోర్గోత్ అను దుష్టశక్తితో జరిగిన మహాయుద్ధమున ధర్మపక్షమున నిలిచిన మానవులకు బహుమానముగా సముద్రమధ్యమున అయిదు కొమ్ముల నక్షత్రమువంటి దీవియు, ఇతర మానవులకు లేని దీర్ఘాయువును లభించెను. తమ తీరము కనుమరుగగునంత దూరము పడమరకు ఓడ నడుపరాదన్న నిషేధ మొక్కటియే వారికి విధింపబడెను. ఆ కల్పితలోకపు కాలగణనలో ద్వితీయయుగము 32వ యేట ఎల్రోస్ తొలిరాజయ్యెను. ఇరువదియైదవ రాజు ఆర్-ఫరాజోన్ 3262లో మాయావియైన సౌరోన్‌ను బందీగా తెచ్చి, ఆ బందీకే శిష్యుడై, ఆ దీవియందలి పవిత్రమైన శ్వేతవృక్షమును నరికించి, నరబలులకు ఒడిగట్టి, తుదకు అమరత్వమును బలిమితో గుంజుకొన నెంచి 3319లో నిషిద్ధతీరముపైకి నౌకాసైన్యమును నడుపగా, సముద్రము నోరు తెరచి దీవిని మ్రింగెను.

ఇక వంశావళి మాట. 1973లో టోల్కీన్ మరణించిన పిమ్మట ఆయన కుమారుడు క్రిస్టఫర్ తండ్రి వ్రాతప్రతులను పరిష్కరించి 1980లో ప్రకటించిన 'అన్‌ఫినిష్డ్ టేల్స్' అను సంపుటమున ఇది కలదు. కొలది పుటల జాబితా. ఒక్కొక్క రాజునకు జననమెప్పుడు, ఏలుబడి యెన్నేండ్లు, రాజదండమును వారసునకు అప్పగించినదెప్పుడు, మరణమెప్పుడు అను వివరములే ప్రధానము. మూడవ రాజు తార్-అమందిల్ ద్వితీయయుగము 192లో జన్మించి, 590లో రాజదండమును విడిచి, 603లో కన్నుమూసెను. నాలుగవ రాజు తార్-ఎలెందిల్ 740లో విడిచి, 751లో గతించెను. అధికారమును దించుట మొదట, ప్రాణమును దించుట పిదప. ఈ రెంటి నడుమ కొన్ని సంవత్సరముల విరామము. ముదిమి పైబడగానే కొడుకునకు పట్టముగట్టి తపోవనమునకు వెడలు రఘువంశరాజుల నెరిగిన మనకు ఈ వరుస క్రొత్తది కాదు.

పండ్రెండవ రాజు తార్-కిర్యతాన్ పద్దుకడ తొలి మరక కానవచ్చుచున్నది. ధనలోలుడైన ఈ కుమారుడు, తండ్రి తనంతట దిగకమునుపే ఆయనను దిగునట్లు నిర్బంధించెను; ఆ దీవి సౌఖ్యముపై తొలి నీడ పడినది అప్పుడేనని జాబితాయే చెప్పుచున్నది. సౌరోన్ ఆ దీవిపై అడుగిడుటకు ఇంకను పదునాలుగు శతాబ్దములు కలవు! పదుమూడవ రాజు తార్-అతనామిర్ నాలుగువందల యేండ్లు దాటి బ్రదికియు సింహాసనమును విడువలేదు, ప్రాణమును విడువనొల్లలేదు. మతి చలించి, సత్తువ ఉడిగి, మృత్యువు బలాత్కారముగా కొనిపోవువరకు రాజదండమును పట్టుకొనియే యుండెను. ఆదిపర్వమున నన్నయ వర్ణించిన యయాతి, కొడుకు యౌవనమును ఎరువు తెచ్చుకొనియు, చివరకు దానిని మరల్చి యిచ్చి అడవికి పోయెను. ఈ రాజునకు ఆ వైరాగ్యమైనను కలుగలేదు. ఆయన తరువాత ఆ జాబితాలో స్వేచ్ఛగా దిగిన రాజు ఒక్కడును లేడు.

ఆ మీదట అంకెలే కథ చెప్పును. జనన మరణ సంవత్సరములను తీసివేసి చూచినచో అమందిల్ బ్రదికినది 411 యేండ్లు. పదునేడవ రాజు అల్కారిన్ 331. పందొమ్మిదవ వాడు అర్దమిన్ 281. ఇరువదవ వాడు అదూనఖోర్ 253. ఇరువదిమూడవ వాడు గిమిల్‌జోర్ 217. ప్రాణమును ఎంత గట్టిగా పట్టుకొనిరో అంతగా అది కురుచయగుచు వచ్చెను. దశరథునకు అరువదివేల యేండ్లని విని ఊరకుండు అలవాటుగల మనకు, కల్పితరాజుల ఆయుర్దాయమును ఇంత లెక్కగా తరిగించిన రచయిత ఓపిక చూడ ముచ్చట గొలుపును.

అదూనఖోర్ పద్దులో మరియొక విశేష మున్నది. ఎల్ఫుల భాషపై ద్వేషముతో దానిని నిషేధించి, పూర్వరాజుల ఆచారమును త్రోసి దేశభాషలోనే పట్టాభిషేకనామమును ధరించిన ఈ రాజు, రాజుల చిట్టాలో మాత్రము తన పేరును ఆ నిషిద్ధభాషలోనే వ్రాయించెను. పాత ఆనవాయితీని సాంతము చెరిపినచో కీడు మూడునని భయము! బయట దండోరా, లోపల శాంతిపూజ. ఈ ఒక్క పంక్తిలో కనబడు రాజును నేను ఆర్-ఫరాజోన్ నౌకాదళమంతటికంటె ఎక్కువగా నమ్ముదును. ఆ కాలపు నూమెనోర్ జనులు శవములను చెడకుండ భద్రపరచు విద్య నేర్చి, దీవి నిండ సమాధులు కట్టుకొనిరి. అట్టి దేశమును ముంచుటకు సముద్రమే రావలసిన పనిలేదనియు, ప్రళయము వచ్చి ఆ రాజులకు అర్హతకు మించిన వైభవమును కట్టబెట్టినదనియు నా అభిప్రాయము.

కెరటము ఎక్కడిది?
మహాతరంగ మొకటి పచ్చని నేలను కప్పివేయుచున్నట్లు టోల్కీన్‌కు పలుమారు కల వచ్చుచుండెడిది; 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఆ కలను ఫరామిర్ అను పాత్రకు ఇచ్చెను. 1930ల నడుమ మిత్రుడు సి.యస్. లూయిస్ గగనయాత్రను గూర్చియు, తాను కాలయాత్రను గూర్చియు వ్రాయునట్లు ఒప్పందము చేసికొనిరి. లూయిస్ నవల 1938లో వెలువడెను. టోల్కీన్ ప్రారంభించిన 'ది లాస్ట్ రోడ్' కొలది ప్రకరణములతో ఆగిపోయి, 1987లోగాని అచ్చుకాలేదు. నూమెనోర్ పుట్టినది ఆ ప్రయత్నమునందే.

మిగిలినవారు
ప్రళయమునుండి తొమ్మిది ఓడలు తప్పించుకొనెను: ధర్మపక్షము విడువనివారి నాయకుడైన ఎలెందిల్‌వి (నాలుగవ రాజు తార్-ఎలెందిల్ వేరు) నాలుగు, ఆయన కుమారులలో ఇసిల్దుర్‌వి మూడు, అనారియోన్‌వి రెండు. శ్వేతవృక్షము నరుకబడకమునుపే దాని ఫలమును ఇసిల్దుర్ గాయములకోర్చి దొంగిలించి తెచ్చియుండుటచే ఆ చెట్టు సంతతి నిలిచెను.

చదువదలచినవారికి
1977లో వెలువడిన 'సిల్మరిల్లియన్'లోని 'అకల్లబేత్' అను భాగము పతనగాథను సంగ్రహముగా చెప్పును. దానిని ముందు చదువుడు. వంశావళికి ఆ తరువాత రండు. రాగానే ఒక కాగితము, పెన్సిలు దగ్గర పెట్టుకొని, తీసివేతలు మీరే చేసికొనుడు.