పొయ్యి వెలగలేదా? ముందు నాబ్‌ కట్టేయండి

పిల్లల బడి వేళ, పెద్దల ఆఫీసు వేళ ముంచుకొస్తుండగా గ్యాస్‌ పొయ్యి మొరాయించడం దాదాపు ప్రతి ఇంటా ఎదురయ్యేదే. ఆ తొందరలో నాబ్‌ తిప్పి ఉంచి లైటరును పదే పదే నొక్కడం, అది పని చేయకపోతే అగ్గిపెట్టె కోసం ఇల్లంతా వెతకడం పరిపాటి. ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా ఆ కొద్ది క్షణాల్లోనే. మంట రాకపోయినా గ్యాస్‌ వస్తూనే ఉంటుంది. పొయ్యి వెలగకపోవడం చిన్న లోపం. నాబ్‌ తెరిచి ఉంచి వెలిగించే ప్రయత్నం కొనసాగించడమే పెద్ద ముప్పు.

వంటగ్యాస్‌లో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్‌, బ్యూటేన్‌ వాయువులు. ఈ మిశ్రమం గాలి కంటే సుమారు ఒకటిన్నర నుంచి 2 రెట్లు బరువు. అందుకే అది పైకి పోకుండా గట్టు మీద నుంచి జారి, నేలబారుగా, మూలల్లో పేరుకుంటుంది. గాలిలో దాని పాలు సుమారు 2 శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. సహజంగా వాసన లేని ఈ వాయువులో ఘాటు వాసన గల మెర్‌కాప్టన్‌ను కలిపేది లీకును ముందే పసిగట్టడానికే.

తొలి జాగ్రత్త

నాబ్‌ తిప్పిన మూడు నాలుగు క్షణాల్లో మంట రాకపోతే వెంటనే కట్టేయాలి. తలుపులు, కిటికీలు తెరిచి కనీసం 5 నిమిషాలు ఆగిన తర్వాతే మళ్లీ ప్రయత్నించాలి. వాసన ఘాటుగా ఉంటే రెగ్యులేటరును కూడా కట్టేయాలి. ఆ సమయంలో లైటు, ఫ్యాను స్విచ్చులను వేయరాదు, ఆపరాదు. స్విచ్చులో పుట్టే చిన్న మెరుపు కూడా నిప్పురవ్వతో సమానమే.

లోపం నిప్పుదా? గ్యాస్‌దా?

పొయ్యి వెలగాలంటే గ్యాస్‌, గాలి, నిప్పురవ్వ మూడూ ఒకేచోట కలవాలి. వీటిలో ఏది అందడం లేదో తెలిస్తే సగం మరమ్మతు పూర్తయినట్లే. గదిలో వాసన పూర్తిగా పోయాక, ముందుగా అగ్గిపుల్ల వెలిగించి బర్నరు అంచుకు చేర్చి, ఆ తర్వాతే నాబ్‌ను నెమ్మదిగా తిప్పాలి. ముఖాన్ని పొయ్యికి దూరంగా ఉంచాలి. చీర చెంగు, చున్నీ దగ్గరకు దోపుకోవాలి. అగ్గిపుల్లతో చక్కగా వెలిగితే గ్యాస్‌ వస్తున్నట్లే. లోపం లైటరులోనో, ఆటో ఇగ్నిషన్‌లోనో ఉంది. అలా కూడా వెలగకపోతే లోపం గ్యాస్‌ వచ్చే దారిలో ఉంది.

ఒక బర్నరు వెలిగి మరొకటి వెలగకపోతే లోపం ఆ బర్నరుకే పరిమితం. ఏదీ వెలగకపోతే బండ, రెగ్యులేటరు, ట్యూబులను చూసుకోవాలి.

నిప్పురవ్వ రాకపోతే

చేతి లైటరులోనూ, నొక్కి తిప్పే రకం ఆటో పొయ్యిలోనూ ఉండేది పీజో పలుక. దానిపై సుత్తిలాంటి చిన్న మీట కొట్టినప్పుడు వేల వోల్టుల విద్యుత్తు పుట్టి రవ్వగా దూకుతుంది. వానాకాలపు చెమ్మ, తాలింపు జిడ్డు ఈ రవ్వను మింగేస్తాయి. లైటరు కొనను పొడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలాసార్లు తిరిగి పని చేస్తుంది.

ఆటో పొయ్యిలో బర్నరు పక్కన తెల్లని పింగాణీ గొట్టంలోంచి సన్నని తీగ కొన కనిపిస్తుంది. రవ్వ ఆ కొన నుంచి బర్నరుకు దూకాలి. పాలు పొంగినా, పొయ్యి కడిగినా అక్కడ తడి చేరుతుంది. రెగ్యులేటరు కట్టేసి, పొయ్యి చల్లారాక పాత పళ్లపొడి బ్రష్షుతో ఆ కొనను శుభ్రం చేసి, పూర్తిగా ఆరనివ్వాలి. పింగాణీ పగిలితే రవ్వ బర్నరుకు చేరకుండా పొయ్యి రేకుకే దూకుతుంది. అప్పుడు ఆ భాగాన్ని మెకానిక్‌తో మార్పించడమే మార్గం.

బ్యాటరీతో పని చేసే పొయ్యిలో టిక్‌టిక్‌ శబ్దం మందగిస్తే ముందుగా సెల్‌ మార్చి చూడాలి. నాబ్‌ వదిలాక కూడా శబ్దం ఆగకపోతే దాని కింది స్విచ్చులో తడి చేరి ఉండవచ్చు. కరెంటుతో రవ్వ పుట్టే హాబ్‌లు విద్యుత్‌ కోత వేళ వెలగకపోతే అది లోపం కాదు.

కొన్ని పొయ్యిల్లో నాబ్‌ వదలగానే మంట ఆరిపోతుంది. మంట ఆరితే గ్యాస్‌ను తానుగా ఆపే రక్షణ ఏర్పాటు ఉన్న పొయ్యిల లక్షణమిది. వెలిగాక కొన్ని క్షణాలు నాబ్‌ను నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. అప్పటికీ ఆరిపోతుంటే మంట పక్కనుండే వేడి గ్రహించే కడ్డీకి మసి పట్టిందేమో చూడాలి.

గ్యాస్‌ రాకపోతే

ఇళ్లకు వచ్చే బండలో గ్యాస్‌ 14.2 కిలోలు. ఖాళీ బండ బరువు దాని పైభాగంలో ముద్రించి ఉంటుంది. తూకం వేసి ఆ బరువు తీసేస్తే మిగిలిన గ్యాస్‌ ఎంతో తెలుస్తుంది. కొత్త బండ పెట్టిన వెంటనే పొయ్యి వెలగకపోతే రెగ్యులేటరు సరిగా కూర్చోలేదేమో పరిశీలించాలి. ట్యూబు ఎక్కడైనా మడత పడినా, గట్టు అంచున నలిగినా గ్యాస్‌ ఆగుతుంది.

లంబసింగి వంటి చలి ప్రాంతాల్లో శీతకాలపు ఉదయాన, బండ అయిపోవచ్చిన దశలో మంట బలహీనపడవచ్చు. బ్యూటేన్‌ చలికి తేలికగా ఆవిరి కాకపోవడమే దీనికి కారణం. అంతమాత్రాన బండను పడుకోబెట్టడం, వేడినీళ్లలో ఉంచడం అత్యంత ప్రమాదకరం. పడుకోబెట్టిన బండ నుంచి ఆవిరికి బదులు ద్రవమే రెగ్యులేటరులోకి చొరబడుతుంది. బండ ఎప్పుడూ నిటారుగానే, పొయ్యి కంటే కింది ఎత్తులోనే ఉండాలి.

ఒక్క బర్నరే వెలగకపోతే దాన్ని తీసి సబ్బునీటితో కడిగి, మూసుకున్న రంధ్రాలను శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక సరైన గాడిలో కూర్చోబెట్టాలి. బర్నరు పక్కకు జరిగినా రవ్వ గ్యాస్‌ను అందుకోదు. లోపలి జెట్టు మూసుకుపోతే మాత్రం పిన్నీసుతో పొడవరాదు. మిల్లీమీటరు కన్నా సన్నని ఆ రంధ్రం పెద్దదైతే గ్యాస్‌ ఎక్కువగా వచ్చి మంట పసుపు రంగుకు మారుతుంది, గిన్నెలకు మసి పడుతుంది. ఆ పని మెకానిక్‌కే వదలాలి.

పైపు గ్యాస్‌కు మారినవారికి

హైదరాబాద్‌, విజయవాడ, కాకినాడ నగరాల్లో కొన్ని ఇళ్లకు పైపుల ద్వారా సహజ వాయువు అందుతోంది. ఇది ప్రధానంగా మీథేన్‌. గాలి కంటే తేలిక, లీకైతే పైకప్పు వద్ద చేరుతుంది. బండకు వాడిన జెట్లు దీనికి సరిపడవు. వాటిని మార్పించకుండా పాత పొయ్యినే కలిపితే మంట సరిగా రాదు.

లీకు పరీక్ష సబ్బునీటితోనే

ఏ మరమ్మతు తర్వాతైనా అతుకుల వద్ద సబ్బునురగ పూసి చూడాలి. బుడగలు వస్తే లీకు ఉన్నట్లే. అగ్గిపుల్లతో లీకు వెతకడం ఎన్నడూ తగదు. ఐఎస్‌ఐ గుర్తు గల సురక్ష ట్యూబునే, ఒకటిన్నర మీటరుకు మించని పొడవులో, మధ్యలో అతుకు లేకుండా వాడాలి. పగుళ్లు కనిపించకపోయినా 5 ఏళ్లకోసారి మార్చాలి.

లీకు ఆగకపోతే రెగ్యులేటరు తీసి, బండకు సేఫ్టీ క్యాప్‌ బిగించి, ఇంటి బయటకు వచ్చిన తర్వాతే 1906 నంబరుకు ఫోన్‌ చేయాలి. వంటగ్యాస్‌ లీకుల కోసం 2016లో ప్రారంభమైన ఈ అత్యవసర సేవ దేశమంతటా 24 గంటలూ అందుబాటులో ఉంటుంది. ఇంటిలో వంట చేసేవారితో పాటు పెద్దలు, పెద్ద పిల్లలు కూడా రెగ్యులేటరు కట్టే తీరును, ఈ నంబరును తెలుసుకుని ఉండాలి. రాత్రి పడుకునే ముందు, ఊరెళ్లే ముందు రెగ్యులేటరు కట్టేయడం ఇంటిల్లిపాదికీ అలవాటు కావాలి.